డ్రోను బ్యాటరీలలో సెల్లుల హెచ్చుతగ్గులు: గుర్తించుట, సరిచేయుట

చేనికి మందు కొట్టుట యనగా వీపున పంపు, చేత గొట్టము, ముక్కునకు తుండుగుడ్డ అని మనమందర మెరుగుదుము. నేడు అనేక గ్రామములలో ఆ పనికి డ్రోను వచ్చినది. 2021వ సంవత్సరము ఆగస్టులో డ్రోను నియమములు వెలువడినవి. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము నమో డ్రోన్ దీదీ పథకము నామోదించినది. ఎంపికయైన 15,000 మహిళా స్వయం సహాయక సంఘములకు డ్రోనుల నిచ్చుట, ధరలో 80 శాతమును 8 లక్షల రూపాయలకు మించకుండ సహాయముగా నొసగుట ఆ పథకము నందలి ముఖ్యాంశములు. మిగిలిన మొత్తమును సంఘము తన వాటాగా భరించవలెను. అప్పుగా తెచ్చుకొనుటకును వీలు కల్పించిరి. ఇవి గాక సొంతముగా కొనినవారును, బాడుగకు నడుపువారును ఉన్నారు.

డ్రోను నెవరు నడిపినను, అది ఎగురునది మన పొలముల మీద. బ్యాటరీలు ఛార్జి యగునది మన ఇండ్ల నడుమ. పాడైన బ్యాటరీ చేరునది మన గ్రామపు చెత్తలోనికి. కావున ఈ విషయము నడుపువారికి మాత్రమే సంబంధించినదని పంచాయతీ సభ్యులు తలంపరాదు. డ్రోనులో మిక్కిలి త్వరగా అరిగిపోవు వస్తువు బ్యాటరీ. అది అకాలమున చెడుటకు గల కారణములలో ముఖ్యమైన యొకదానిని, అనగా లోపలి సెల్లుల వోల్టేజి ఎగుడుదిగుడగుటను గూర్చి, ఈ పాఠమున వివరింపదలచితిమి.

బ్యాటరీ యనునది ఒకటి కాదు, ఆరు

చూచుటకు బ్యాటరీ ఒక్క ఇటుకవలె నుండును. లోపల మాత్రము కొన్ని సెల్లులు వరుసగా కలుపబడి యుండును. మందు చల్లు డ్రోనులలో ఆరు సెల్లుల బ్యాటరీలను రెండింటిని జతగా వాడుట కలదు. 12 లేక 14 సెల్లులు ఒకే పెట్టెలో నున్న బ్యాటరీలును కలవు. మనము ఆరు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీని ఉదాహరణముగా తీసికొందము.

ఈ జాతి సెల్లు పూర్తిగా నిండినప్పుడు 4.20 వోల్టులు చూపును. దాని సామాన్యపు విలువ 3.7 వోల్టులు. 3.0 వోల్టులకు దిగినచో అది ప్రమాదపు హద్దు. అంతకు క్రిందికి పోయిన సెల్లు లోలోపల చెడును. ఆరు సెల్లులు వరుసగా నుండుటచే నిండిన బ్యాటరీ 25.2 వోల్టులు చూపును. దాని సామాన్యపు విలువ 22.2 వోల్టులు.

వరుసగా కలుపుట యన నేమో ఒక పోలికతో చెప్పెదము. చెరువు పూడిక తీయునప్పుడు ఆరుగురు వరుసగా నిలిచి మట్టి తట్టలను చేతినుండి చేతికి అందించుచున్నారనుకొనుడు. ప్రతి తట్టయు ఆరుగురి చేతుల మీదుగా పోవలసినదే. అయిదుగురు బలిష్ఠులై, ఒకడు జ్వరమున నున్నచో పని ఆ ఒక్కని శక్తినిబట్టియే సాగును. పైగా బరువు తగ్గదు కావున ఆ రోగికే మరింత ప్రమాదము. బ్యాటరీ యందును అంతే. డ్రోను లాగు కరెంటు ఆరు సెల్లుల గుండ సమానముగా పోవును. బలహీనమైన సెల్లునకు సెలవు లేదు.

మొత్తపు అంకె మోసగించును

అనేకులు చేయు మొదటి పొరపాటు మొత్తపు వోల్టేజిని మాత్రము చూచి తృప్తి పడుట. ఒక లెక్కను చూడుడు. ఛార్జరు 25.2 వోల్టులు చూపి ఆగినది. సెల్లులన్నియు 4.20 చొప్పున నున్నచో మంచిదే. కాని అయిదు సెల్లులు 4.24 చొప్పునను, ఒకటి 4.00 వద్దను ఉన్నను మొత్తము 25.2 యే యగును. అనగా అయిదు సెల్లులు హద్దు మీరి నిండినవి. ఒకటి నిండనే లేదు. హద్దు మీరి నింపిన లిథియం సెల్లు ఉబ్బును, వేడెక్కును, ఒక్కొక్కప్పుడు అంటుకొనును.

డ్రోను దిగిన పిమ్మట కూడ ఇదే మోసము. ఒక బ్యాటరీ సెల్లులు 3.71, 3.72, 3.71, 3.48, 3.72, 3.71 వోల్టులు చూపుచున్నవనుకొందము. మొత్తము 22.05. సగటున 3.67 కు పైగా నున్నది గదా, ఇంకొక మడి చల్లవచ్చునని తోచును. కాని నాలుగవ సెల్లు అప్పటికే అడుగంటుచున్నది. డ్రోను మరల లేచి బలముగా కరెంటు లాగినచో ఆ సెల్లు ఒక్కసారిగా 3.0 కు క్రిందికి కూలవచ్చును. అప్పుడు బ్యాటరీ శక్తి చాలక 20 కిలోలకు పైబడిన యంత్రము, అందున్న పురుగుమందుతో సహా, క్రింద నున్నవారి మీదనే పడవచ్చును.

కావున మొదటి సూత్రము: బ్యాటరీని మొత్తముగా గాక సెల్లు సెల్లునుగా చూడవలెను.

హెచ్చుతగ్గులు ఏల కలుగును?

ఒకే దినమున ఒకే కర్మాగారమున తయారైన సెల్లులైనను అచ్చముగా ఒక్కటిగా నుండవు. ఒకదానిలో విద్యుత్తు కొంచె మెక్కువ పట్టును. ఒకదానిలో నిలువ యున్నప్పుడే కొంచెము కారిపోవును. మొదట కనబడని ఈ తేడాలు పదుల కొలది ఛార్జీలలో పెరుగును. నడుమ నున్న సెల్లులకు గాలి తగలక వేడి యెక్కువై అవి త్వరగా ముదురును.

వీనిని పూర్తిగా నివారింపలేము. కాని మన అలవాట్ల వలన కలుగు చేటు వీనికంటె పెద్దది. అది మూడు విధములు. మొదటిది, అడుగంటువరకు ఎగురవేయుట. రెండవది, పూర్తిగా నింపిన బ్యాటరీని వాడక దినముల తరబడి, అందును రేకుల కప్పు క్రింద ఎండకాలమున, ఉంచుట. మూడవది, త్వరలో పని కావలెనని సెల్లులను సమము చేయు పద్ధతిని విడిచి, వేగపు ఛార్జినే నిత్యము వాడుట.

మొదటి దోషమునకు నడుపువారిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. గట్టున నిలిచిన రైతు “ఇంకొక్క మడియే గదా, కానిచ్చి దింపుము” అనును. పక్క చేని రైతు “రేపు వానపడునేమో, నాదికూడ చల్లిపొమ్ము” అనును. ఊరి పెద్ద యొకడు ఆ మాటకు వంత పాడును. యంత్రము నడుపు స్త్రీ కాదనలేక లేపును. ఆ ఒక్క మడి కొరకు ఒక సెల్లు చచ్చును. సెల్లు చచ్చినచో బ్యాటరీ చచ్చినట్లే. దాని వెల సంఘము భరించును గాని ఆ రైతు భరింపడు. ఈ మాట పంచాయతీ సభ్యులు మనస్సున నుంచుకొనవలెను.

కొలుచు విధానము

ఆరు సెల్లుల బ్యాటరీకి రెండు లావు తీగలు గాక, తెల్లని చిన్న అడాప్టరునకు చేరిన ఏడు సన్నని తీగ లుండును. సెల్లులను వేరు వేరుగా చూచుటకును, సమము చేయుటకును ఈ తీగలే ఆధారము. దీనిలో పెట్టగనే ప్రతి సెల్లు అంకెను చూపు చిన్న సాధనము బజారున దొరకును. దానిని సెల్ చెకర్ అందురు. ప్రతి సంఘమునందును అది యుండుట అవసరము. మల్టీమీటరుతోను కొలువవచ్చును: నల్లని కొనను మొదటి తీగకు, ఎర్రని కొనను రెండవ తీగకు ఆనించిన మొదటి సెల్లు, రెండు, మూడు తీగల నడుమ రెండవ సెల్లు, ఇట్లే ఆరింటిని చూడవలెను. కాని కొన జారి రెండు తీగల కొకేసారి తగిలినచో నిప్పురవ్వలు లేచును. చేయి తిరిగినవారు దక్క ఇతరులు ఈ పని చేయరాదు.

కొన్ని డ్రోనుల బ్యాటరీలకు ఏడు తీగలు బయటికి కనబడవు. అందు కాపలా కాయు ఎలక్ట్రానిక్ పలక లోపలనే యుండి, సెల్లుల అంకెలను ఫోనులోని యాప్‌నకు గాని, రిమోటు తెరకు గాని పంపును. వానిని అచ్చటనే చూడవలెను. పెట్టెను విప్పరాదు.

బ్యాటరీ వేడిగా నున్నప్పుడు చూచిన అంకెలు నమ్మదగినవి కావు. దిగిన పిమ్మట గంటసేపు నీడను ఉంచి కొలువవలెను. నిండుగా నున్నప్పుడొకసారి, వాడిన పిదప నొకసారి కొలుచుట ముఖ్యము. సెల్లు నడిమి స్థితిలో, అనగా 3.7, 3.8 వోల్టుల ప్రాంతమున, చాల విద్యుత్తు ఖర్చైనను వోల్టేజి మెల్లగనే మారును. కావున ఆ దశలో కనబడు స్వల్పమైన తేడా కూడ లోపలి పెద్ద తేడాకు గుర్తు కావచ్చును. పై అంచునను, క్రింది అంచునను తేడా స్పష్టముగా బయట పడును.

సరిచేయు విధానము

పని మొదలిడుటకు ముందు బ్యాటరీని కంటితో చూడవలెను. ఉబ్బినది, చిరిగినది, తీపివాసన వంటి వింత వాసన వచ్చునది, క్రిందపడి సొట్టపోయినది, నీట మునిగినది ఛార్జి చేయదగదు. అది సరిచేయుట కాదు, ప్రమాదమును పిలుచుట. అట్లే ఏ సెల్లయినను విశ్రాంతి యందే 3.0 వోల్టులకు తక్కువ చూపినచో ఇంటి వద్ద దానిని పైకి తెచ్చుటకు పూనుకొనరాదు. తయారీదారుని సేవాకేంద్రమునకు చూపవలెను.

మంచి బ్యాటరీయే గాని అంకెలలో తేడా యున్నచో ఈ క్రమము ననుసరింపవలెను.

మొదట, స్థలము. సిమెంటు గచ్చు, ధారాళమైన గాలి, చుట్టును కాలు వస్తువులు లేకుండుట. గడ్డివాము, పత్తి నిలువ, ఎరువుల మూటలు, పురుగుమందులు ఉన్న కొట్టము పనికిరాదు. పొడి ఇసుక నింపిన బకెట్లు దగ్గర నుండవలెను. నిద్రించు గదిలో రాత్రి ఛార్జి పెట్టి పరుండుట మిక్కిలి అపాయకరము.

రెండవది, ఛార్జరును సరిగా అమర్చుట. బ్యాటరీ జాతి, సెల్లుల సంఖ్య, కరెంటు అను మూడింటిని సరిచూడవలెను. 4.35 వోల్టుల వరకు నిండు వేరొక జాతి కూడ బజారున గలదు. ఆ అమరికను 4.20 వోల్టుల బ్యాటరీకి వాడినచో అది హద్దు మీరి నిండును. సెల్లుల సంఖ్య తప్పినను అంతే కీడు.

మూడవది, బ్యాలెన్సు ఛార్జి. లావు తీగలతో పాటు సన్నని తీగల అడాప్టరును కూడ ఛార్జరునకు తగిలించి, బ్యాలెన్సు పద్ధతిని ఎన్నుకొనవలెను. కరెంటును నెమ్మదిగా ఉంచుట మేలు. 16,000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీకి 16 ఆంపియర్లు పెట్టిన సుమారు గంటలో నిండును. 8 ఆంపియర్లు పెట్టిన రెండు గంటలు పట్టును. సమము చేయునప్పుడు ఈ రెండవదే తగినది.

ఛార్జరు ఇప్పుడేమి చేయును? సామాన్యముగా అది వెనుకబడిన సెల్లునకు ప్రత్యేకముగా పోయదు. ముందున్న సెల్లుల నుండి కొంచెము కొంచెముగా విద్యుత్తును తీసి వేడిగా వెలిబుచ్చి, వెనుకటిది అందుకొనువరకు వానిని ఆపును. ఆ తీయు కరెంటు చాల చిన్నది. అయిదు సెల్లులు ఒకదానికంటె 400 మిల్లీ ఆంపియర్ గంటలు ముందున్నవనుకొందము. ఛార్జరు 200 మిల్లీ ఆంపియర్ల చొప్పున తీయగలిగినచో, సమమగుటకు రెండు గంటలు పట్టును. తెరపై 25.2 కనబడగనే తీగలను లాగివేయువారు ఈ పనిని సగములో చెరచుచున్నారు. ఛార్జరు తానుగా ముగిసినదని చెప్పువరకు ఓపిక పట్టవలెను.

లోపలనే కాపలా పలక గల బ్యాటరీలకు ఈ పనిని ఆ పలకయే చేయును. వానికి తయారీదారుని పుస్తకములో చెప్పిన నిదాన ఛార్జి పద్ధతి యున్నచో దానినే పాటింపవలెను. ఏ బ్యాటరీకైనను, మేము చెప్పినదానికి ఆ పుస్తకమునకు తేడా వచ్చినచో పుస్తకమే ప్రమాణము.

సమమైనంత మాత్రమున స్వస్థమైనట్లు కాదు

ఇది ఈ పాఠమునకు ప్రాణము వంటిది. బ్యాలెన్సు ఛార్జి విద్యుత్తు హెచ్చుతగ్గులను సరిచేయును గాని ముదిరిన సెల్లునకు యౌవనము నీయలేదు. తట్టలు మోయు వరుసలో అలసినవానిని కొంతసేపు కూర్చుండబెట్టిన లేచి పని చేయును; జబ్బుపడినవానిని కూర్చుండబెట్టినను మరల పడిపోవును. ఈ ఇద్దరి భేదమును ఎట్లు తెలిసికొనవలెను? దీనికి మూడు పరీక్షలు గలవు.

మొదటి పరీక్ష నిలువ. సమము చేసిన బ్యాటరీని ఒక దినము వాడక ఉంచి మరల కొలువుడు. అన్నియు కలసి స్వల్పముగా దిగినచో దోషము లేదు. ఒక్క సెల్లు మాత్రము దిగినచో అది లోలోపల కారుచున్నది.

రెండవ పరీక్ష వాడకము. పైన సమముగా నున్న సెల్లులు డ్రోను దిగిన తరువాత కూడ దగ్గర దగ్గరగా ఉన్నవా? ప్రతిసారియు ఒకే సెల్లు మిగిలినవానికంటె క్రింద నిలిచినచో, దాని కడుపు చిన్నదైనది. అనగా పట్టు శక్తి తగ్గినది.

మూడవ పరీక్ష భారము. నేలపై సమముగా కనబడి, గాలిలో బరువు మోయునప్పుడు మాత్రమే ఒక సెల్లు అంకె ఎక్కువగా కుంగి, దిగగనే మరల లేచుచున్నచో, దాని అంతర్నిరోధము పెరిగినది. మంచి ఛార్జరులలో ఈ అంతర్నిరోధమును సెల్లు సెల్లునకు చూపు ఏర్పాటు కలదు. ఒక సెల్లు నిరోధము తోటివానికి దాదాపు రెండింతలైనచో దానిని నమ్మరాదు.

మూడింటిలోను నెగ్గిన బ్యాటరీకి వచ్చినది అలసట మాత్రమే. దానిని నిశ్చింతగా వాడుకొనవచ్చును. ఏ ఒక్క దానిలో ఓడినను అది జబ్బు. దానిని ఎన్నిసార్లు సమము చేసినను తేడా తిరిగి వచ్చును. అట్టి దానితో మందు నింపిన డ్రోనును లేపరాదు.

ఇక అంకెలు. నిండి, గంటసేపు విశ్రమించిన బ్యాటరీలో అన్నిటికంటె పై సెల్లునకు, క్రింది సెల్లునకు గల తేడాను చూడుడు. 0.02 వోల్టులలోపు ఉన్నచో మంచిది. 0.02 నుండి 0.05 వరకు ఉన్నచో బ్యాలెన్సు ఛార్జి చేసి పుస్తకమున వ్రాయవలెను. 0.05 కు మించినచో పనిలోనికి పంపక, రెండుసార్లు నిదానముగా సమము చేసి పై మూడు పరీక్షలు జరుపవలెను. ఆ పిమ్మట కూడ 0.10 తేడా వచ్చుచున్నచో బ్యాటరీకి విశ్రాంతి నీయవలెను. ఇవి జాగ్రత్త కొరకు పెట్టుకొను పని హద్దులు.

చేయరాని పనులు

కొందరు చేతి నేర్పు గలవారు ఉబ్బిన బ్యాటరీని విప్పి, చెడిన సెల్లును తీసి పాతదానినొకదానిని అతికింతురు. మరికొందరు దిగిపోయిన సెల్లునకు మాత్రము విడిగా తీగలు తగిలించి పోయుదురు. ఇవి ప్రయోగశాలలో, పరికరముల నడుమ, తెలిసినవారు చేయవలసిన పనులే గాని గ్రామమున చేయదగినవి కావు. ముదిరిన అయిదింటి నడుమ క్రొత్తదానిని పెట్టినను అసమానత పోదు. క్రొత్తరూపున తిరిగి వచ్చును.

రెండు బ్యాటరీలను జతగా వాడునప్పుడు జతను విడదీయరాదు. పాతదానికి క్రొత్తదానిని జోడించుట ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కట్టినట్లు. ప్రతి జతకును రంగుతోనో అంకెతోనో గుర్తు వేసి, కలసి ఛార్జి చేసి, కలసి వాడవలెను.

డ్రోను దిగగనే వేడి బ్యాటరీని ఛార్జరునకు తగిలింపరాదు. చేతికి చల్లగా తగులువరకు ఆగవలెను. రెండు మూడు దినములు పని లేనిచో బ్యాటరీని నిండుగా ఉంచక, సెల్లునకు 3.80 నుండి 3.85 వోల్టుల వరకు, అనగా ఆరు సెల్లులకు 22.8 నుండి 23.1 వోల్టుల వరకు ఉంచి, చల్లని చోట భద్రపరుపవలెను. ఛార్జరులలో దీనికి స్టోరేజి అను అమరిక వేరుగా నుండును. పైరు కోతలు ముగిసి మరల పిచికారీ కాలము వచ్చువరకు నెలకొకసారి తీసి అంకెలు చూడవలెను.

పంచాయతీ చేయదగిన సహాయము

ఒకటి: చోటు. పంచాయతీ భవనమున గాని, పాడుపడక యున్న ఇతర ప్రభుత్వ కట్టడమున గాని, గచ్చు నేల, సరియైన ఎర్తు, నిలకడగల కరెంటు ఉన్న గది నొకదానిని ఛార్జింగు కొరకు కేటాయింపవచ్చును. పూరింటిలో ఛార్జి పెట్టవలసిన అగత్యమును తప్పించుట సంఘమునకు మాత్రమే గాక ఊరికంతకును రక్ష.

రెండు: పుస్తకము. ప్రతి బ్యాటరీకి ఒక పేజీ. తేదీ, నిండినప్పుడు ఆరు అంకెలు, దిగిన పిమ్మట ఆరు అంకెలు, ఎన్ని మళ్లు చల్లినది, ఉబ్బు గలదా లేదా అను వివరములు చాలును. తూకపు పుస్తకము లేని పాలకేంద్రమెట్టిదో, ఈ పుస్తకము లేని డ్రోను సంఘమట్టిది. హామీ గడువు లోపల బ్యాటరీ చెడినచో అమ్మినవారి నడుగుటకును ఈ పేజీయే సాక్ష్యము. నెల నెలా జరుగు సమావేశమున సభ్యులు ఆ పుస్తకము నొకసారి తెప్పించి చూచినచో నడుపువారికి ధైర్యము కలుగును.

మూడు: మనుష్యులు. నమో డ్రోన్ దీదీ పథకమున పైలట్ శిక్షణ పొందు సభ్యురాలితో పాటు, విద్యుత్ పరికరముల మరమ్మతులందు ఆసక్తి గల మరొకరికి సహాయకులుగా శిక్షణ నిచ్చు ఏర్పాటు కలదు. బ్యాటరీల పుస్తకమును ఆ సహాయకుల కప్పగించుట యుక్తము. ఎగురవేయువారు వేరు, లెక్క చూచువారు వేరు అయినచో తొందరపాటు తగ్గును.

నాలుగు: కట్టుబాటు. “దింపవలెనని నడుపునామె చెప్పిన పిమ్మట మరల లేపుమని ఎవ్వరు నడుగరాదు” అని గ్రామసభలో తీర్మానించుట మంచిది. ఇది కాగితముపై చిన్న వాక్యము. కాని ఒంటరిగా పొలమున నిలిచి పదిమంది పురుషుల నడుమ “ఇక చాలు” అని చెప్పవలసిన స్త్రీకి ఇది గట్టి అండ.

ఐదు: పాడైన బ్యాటరీ. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము వాడి విడిచిన బ్యాటరీలను ఇతర చెత్తతో కలుపరాదు. వానిని తిరిగి సేకరించి శుద్ధికి పంపు బాధ్యత తయారీదారులపై నుంచబడినది. కావున అమ్మిన సంస్థకే అప్పగించి రసీదు తీసికొనవలెను. అంతవరకు ఇసుక నింపిన లోహపు డబ్బాలో, ఆరుబయట, పిల్లలకు అందని చోట ఉంచవలెను. చెత్త కుప్పలో పడిన బ్యాటరీ పార తగిలి చిట్లినచో, అక్కడ పనిచేయు పారిశుద్ధ్య కార్మికుని చేతులలోనే మండును. అతని క్షేమము పంచాయతీ బాధ్యత.

ఎప్పుడైనను ఛార్జి యగుచున్న బ్యాటరీ పొగలు చిమ్మినచో, వీలైనంతలో మెయిను స్విచ్చి నాపి, అందరును గాలి వచ్చు వైపునకు, పొగ తగలకుండ, దూరముగా తొలగవలెను. ఆ పొగ విషము, దానిని పీల్చరాదు. బ్యాటరీని చేతితో పట్టి బయట పారవేయబోరాదు. వెంటనే 101 నంబరునకు గాని 112 నంబరునకు గాని ఫోను చేయవలెను.

ముగింపు

చెప్పిన విషయముల సారము కొద్ది మాటలలో నిమిడును. మొత్తమును గాక సెల్లు సెల్లును చూడుడు. నిదానముగా సమము చేయుడు. సమము చేసిన పిదప పరీక్షింపుడు. అలసినదానిని ఆదుకొనుడు, జబ్బుపడినదానిని పని నుండి తప్పింపుడు.

ఇందు ఖరీదైన పరికరమేదియు లేదు. చిన్న కొలత సాధనము, ఒక నోటుపుస్తకము, కొంత ఓర్పు చాలును. ఒక బ్యాటరీ జత కొన్నినెలలు అదనముగా పనిచేసినచో ఆ మేరకు సంఘపు అప్పు తేలిక యగును. పంటకు మందు పడవలసిన వేళకు యంత్రము సిద్ధముగా నుండును. పంచాయతీ సభ్యులు రాబోవు పిచికారీ కాలమునకు ముందే తమ గ్రామమున డ్రోను నడుపువారిని పిలిపించి, “మీ బ్యాటరీల పుస్తకము చూపుడు” అని యడిగెదరని ఆశించుచున్నాము. పుస్తకము లేదన్నచో దానిని ఆ దినముననే ప్రారంభింపజేయుట మంచిది.